నడక వేగంలో పెద్ద బండి

సభకు నమస్కారం. తెల్లవారుజామున నాలుగున్నరకే బయలుదేరి నంది కొండ ఎక్కి, కింద టిఫిను చేసి, ఇంటికి కూడా పోకుండా నేరుగా ఈ హాలుకు వచ్చినవారు మీలో సగం మందైనా ఉంటారని బయట వరుసగా నిలిపిన బళ్లను చూస్తే తెలుస్తున్నది. కొండ మలుపుల్లో బండిని ఎలా వాల్చాలో చెప్పేవారు మనకు కావలసినంత మంది ఉన్నారు. నేను మాట్లాడదలచుకున్నది తిరుగు ప్రయాణంలో, బెంగళూరులోకి వచ్చే దారిలో, హెబ్బాళ దగ్గర ట్రాఫిక్ గడ్డకట్టిన తరువాతి సంగతి. రెండు వందల కిలోల స్పోర్ట్స్ బండిని మనిషి నడిచే వేగంతో, కాలు కింద పెట్టకుండా, పక్క కారు అద్దానికి తగలకుండా నడపడం ఎలాగన్నదే ఈ పూట విషయం.

చిన్నప్పుడు మా బడిలో ఆగస్టు 15కు స్లో సైకిల్ పోటీ పెట్టేవారు. మీలో చాలామంది చూసే ఉంటారు. అందరికంటే చివర గీత దాటినవాడిదే బహుమతి. మధ్యలో కాలు నేలకు తాకితే ఆట అయిపోయినట్టే. మామూలు పందెంలో అందరినీ వెనక్కి నెట్టే కుర్రాడు ఈ పోటీలో నాలుగు గజాలకే కాలు దించేసేవాడు. ఏటా గెలిచేది మాత్రం రోజూ పాలక్యాన్లు కట్టుకొని ఊళ్లో తిరిగే పిల్లవాడు. అతడు వెనక బ్రేకును సగం పట్టి ఉంచి, దానికి ఎదురుగా పెడలు తొక్కుతూనే ఉండేవాడని అప్పట్లో గమనించాను గాని, అందులోని కిటుకు నాకు బోధపడింది నలభై ఏళ్లు దాటి, ఈ బెంగళూరులో వెయ్యి సీసీ బండి కొన్న తరువాతనే.

ముందుగా ఒక చిన్న లెక్క చూద్దాం. వంద సీసీ బండి మొదటి గేరులో, ఇంజను నిమిషానికి 8,000 చుట్లు తిరిగేసరికి, సుమారు 30 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అదే ఇంజను 1,300 చుట్ల దగ్గర నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, రేసు ఇవ్వకుండా క్లచ్ పూర్తిగా వదిలేసినా, బండి గంటకు 5 కిలోమీటర్లతో పాకుతుంది. అది మనిషి నడక. నాలుగు సిలిండర్ల వెయ్యి సీసీ బండి అయితే మొదటి గేరులోనే, 14,000 చుట్ల దగ్గర, ఇంచుమించు 150 దాకా పోతుంది. ఆ లెక్కన 1,300 చుట్ల దగ్గర దాని వేగం 14 కిలోమీటర్లు. సిల్క్ బోర్డు కూడలి దగ్గర సాయంత్రం ఆరున్నరకు మన ముందున్న బస్సు పోయే వేగం 5 కూడా ఉండకపోవచ్చు. బండి తనంతట తాను పోగల కనీస వేగానికీ, రోడ్డు మనల్ని పోనిచ్చే వేగానికీ మధ్య ఉన్న ఆ తొమ్మిది కిలోమీటర్ల తేడాను మన ఎడమ చేయి, కుడి కాలు కలిసి పూడ్చాలి. ట్రాఫిక్‌లో పెద్ద బండి నడపడమంటే ప్రధానంగా ఇంతే. కొత్తగా కొన్నవారు దీనిని తమ చేతగానితనమనుకొని సిగ్గుపడతారు. అది గేరు పళ్ల లెక్క మాత్రమే. పక్కనే హోసూరులో తయారయ్యే టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310కు, రేసు ఇవ్వకపోయినా చిన్న గేర్లలో ట్రాఫిక్‌లో పాకే ఏర్పాటును 2020 నమూనాలో పెట్టారంటే, ఈ ఇబ్బంది కంపెనీవాళ్లకూ తెలిసినదేనన్నమాట.

ఎడమ చేతి సంగతి ముందు చెబుతాను. హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్‌ను సగం పట్టి, బండి నడిపితే ప్లేట్లు కాలిపోతాయని మనకు కారు నేర్పినవారు భయపెట్టారు. కారులో అది నిజమే, ఎందుకంటే అక్కడ క్లచ్ పొడిగా ఉంటుంది. ఈనాటి బైకుల్లో చాలావాటికి క్లచ్ ప్లేట్లు ఇంజను ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి గనుక, కాస్త జారినప్పుడు పుట్టే వేడిని ఆయిల్ లాగేసుకుంటుంది. ఇంజనును 2,000, 2,500 చుట్ల మధ్య నిలకడగా ఉంచి, రేసును కదిలించకుండా, క్లచ్ లివరును రెండు వేళ్లతో బియ్యపు గింజంత లోపలికీ బియ్యపు గింజంత బయటికీ ఆడిస్తే చాలు, బండి వేగం మన చెప్పుచేతల్లో ఉంటుంది. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, కుడి చేతితో కూడా వేగాన్ని దిద్దబోతారు. గతుకు తగిలితే మణికట్టు కదులుతుంది, మణికట్టు కదిలితే రేసు పెరుగుతుంది, బండి ముందుకు ఎగురుతుంది, కంగారుపడి రేసు మూసేస్తే చైను వదులు ఒక్కసారిగా లాగి బండి ముందుకు తూలుతుంది. రెండుసార్లు ఇలా తూలిన బండి మూడోసారికి పక్కకు ఒరుగుతుంది.

ఆ తూలడాన్ని ఆపేది కుడి పాదం. వెనక బ్రేకును కొద్దిగా తొక్కి పట్టుకొని, దానికి ఎదురుగా ఇంజను బలాన్ని పంపుతూ ఉంటే చైను ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది, కుదుపు రాదు, బండి వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు నిటారుగా పోతుంది. పాలక్యాన్ల పిల్లవాడు చేసింది సరిగ్గా ఇదే.

ముందు బ్రేకు కథ వేరు. అది నాకు ఎలా తెలిసిందో చెప్పకుండా దాటవేయడం న్యాయం కాదు. బండి కొని రెండు నెలలు కాకముందు, మారతహళ్లి దగ్గర సర్వీసు రోడ్డులో యూ టర్న్ తీసుకుంటున్నాను. హ్యాండిల్ కుడివైపు చివరిదాకా తిరిగి ఉంది, వేగం నడక కంటే తక్కువ. ఎదురుగా కుక్క అడ్డం వచ్చింది. అలవాటుగా కుడి చేతి నాలుగు వేళ్లూ ముందు బ్రేకును పిండేశాయి. ముందు ఫోర్కు కుంగింది, చక్రం అక్కడే ఆగిపోయింది, బండి బరువంతా చక్రం తిరిగి ఉన్న వైపుకే ఒరిగింది. కాలు పెట్టాను గాని, ఒక హద్దు దాటాక రెండు వందల కిలోలను ఏ కాలూ ఆపలేదు. పగిలిన బ్రేకు లివరు ముక్క నా బూటు పక్కన పడి ఉంది, ఫెయిరింగ్ మీద, అంటే బండి పక్క తొడుగు మీద, అరచేయంత గీత. లేపడానికి సాయం వచ్చిన ఆటో డ్రైవరు, ఇద్దరం కలిసి బండిని నిలబెట్టాక, «ఇష్టు దొడ్డ గాడి ఇట్కొండు నింతల్లే బీళ్తీరల్ల సార్» అన్నాడు. ఇంత పెద్ద బండి పెట్టుకొని నిలబడ్డ చోటే పడిపోతారేమిటని. ఇన్నేళ్లలో నాకు దొరికిన పాఠాల్లో అంత క్లుప్తమైనది మరొకటి లేదు. 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్, అంటే బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి అయింది నిజమే, కానీ చాలా బళ్లలో అది నడక వేగం దగ్గర పనిచేయదు. పనిచేసినా, తిరిగి ఉన్న చక్రం మీద పడ్డ బరువును అది మళ్లీ లేపి నిలబెట్టలేదు. అందుకే హ్యాండిల్ తిరిగి ఉన్నంతసేపూ ముందు బ్రేకు మీద నుంచి వేళ్లు తీసేయడం నాకు ఇప్పుడు అలవాటు.

ఇక నిలకడ. వేగంగా పోతున్న బండి ఒక పక్కకు ఒరిగితే ముందు చక్రం తనంతట తానే ఆ పక్కకు కొద్దిగా తిరిగి సర్దుకుంటుంది. వేగం తగ్గేకొద్దీ ఆ పని మన చేతుల మీద పడుతుంది. హ్యాండిల్‌ను ఒరిగిన వైపుకే, త్వరగా, ఎక్కువగా తిప్పి చక్రాన్ని బరువు కిందికి తేవాలి. స్పోర్ట్స్ బండిలో కష్టమంతా ఇక్కడే ఉంది. హ్యాండిళ్లు పొట్టివి, కిందికి ఉంటాయి, ట్యాంకుకు తగలకుండా ఉండాలి గనుక తిరిగే కోణం కూడా తక్కువ. పైగా ముందుకు వంగి కూర్చోవడం వల్ల మన బరువు మణికట్ల మీద పడి, చేతులు కర్రల్లా బిగుసుకొని, సరిగ్గా హ్యాండిల్ తిరగవలసిన క్షణంలో దానిని తిరగనివ్వవు. మోకాళ్లతో ట్యాంకును గట్టిగా పట్టి, నడుము మీద బరువు నిలిపి, మోచేతులు వదులు చేసి చూడండి. సగం సమస్య అక్కడే తీరుతుంది. చూపు ముందు చక్రం మీద ఉండకూడదు. గుంతను చూస్తే గుంతలోకే పోతాం, బస్సు బంపరును చూస్తే దానికే తగులుతాం. నేను రెండు వాహనాల అవతల ఉన్న ఖాళీని చూస్తాను.

యూ టర్న్‌లో ఈ కోణం సంగతి బాగా తెలుస్తుంది. నిటారుగా ఉంచి తిప్పితే ఈ బళ్లకు ఆరు మీటర్లకు మించిన వెడల్పు కావాలి. బండిని లోపలికి వాల్చి, మన ఒంటిని మాత్రం బయటివైపుకు ఉంచితే మలుపు చిన్నదవుతుంది. అయినా ఇరుకు సందులో ఏనుగును తిప్పబోవడం కంటే, ముందు కూడలి దాకా పోయి రావడమే మంచిదన్న రోజులు ఉంటాయి. అందులో చిన్నతనమేమీ లేదు.

వేడి గురించి రెండు మాటలు. గాలి తగలని చోట రేడియేటర్ ఫ్యాను తిరగడం మొదలుపెట్టి, ఆ వేడిగాలి తొడల మీదికి వస్తుంది. మీటరులో 100 దాటిన అంకె కనిపించగానే భయపడకండి. మూత బిగించిన కుక్కర్‌లో లాగే, ఒత్తిడిలో ఉన్న కూలెంటు, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం, 100 డిగ్రీల దగ్గర మరగదు. సిగ్నల్ అంకె 60కి పైన ఉంటే ఇంజను ఆపేయడమే మేలు. న్యూట్రల్‌లో వేసే ముందు మాత్రం వెనక వాహనం ఆగిందో లేదో అద్దంలో చూడండి. అది ఆగేవరకు మొదటి గేరులో, క్లచ్ పట్టి ఉండాలి.

వానాకాలంలో మెట్రో పనుల దగ్గర పరిచే ఇనుప పలకలు, జీబ్రా గీతల రంగు, రెండూ జారేవే. వాటి మీద బ్రేకు, రేసు, వాల్చడం ఏదీ వద్దు, నిటారుగా దాటేయండి.

కింద పార్కింగులో సుద్దతో రెండు గీతలు గీసి ఉంచాను, మధ్య దూరం 20 మీటర్లు. ఒకరి తరువాత ఒకరుగా రండి. కాలు దించకుండా, అందరికంటే ఎక్కువసేపు తీసుకొని చేరినవారికి టీ నేను ఇప్పిస్తాను. హయబుసా తెచ్చిన పెద్దాయన ముందు మొదలుపెడతానన్నారు, ఆయన బండి 260 కిలోల పైనే ఉంటుంది గనుక గోడ పక్కన ఎవరూ నిలబడవద్దు. హెల్మెట్లు పెట్టుకొనే దిగండి.