ఆటిజం ఉన్నవారికి 18 ఏళ్లు నిండాక గార్డియన్‌షిప్: ఫారం-ఎ నింపుదాం రండి

నమస్కారం. ఈరోజు ఒకే పని చేద్దాం. ఆటిజం ఉన్న మీ అబ్బాయికో అమ్మాయికో 18 నిండాయి, గార్డియన్‌షిప్‌కు, అంటే చట్టబద్ధమైన సంరక్షకులను నియమించమని, దరఖాస్తు చేయాలి. ఆ ఫారం ఎలా నింపాలో, ఏ కాగితాలు జత చేయాలో చూద్దాం. మా తమ్ముడి కోసం అమ్మానాన్నలు దరఖాస్తు పెట్టినప్పుడు కాగితాలన్నీ సర్దింది నేనే. అందుకని ఏది ఎక్కడ ఆగుతుందో నాకు బాగా తెలుసు.

"కన్నతల్లిని నేనుండగా మళ్లీ గార్డియన్ ఎవరు?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ 18 నిండిన రోజు నుంచి చట్టం దృష్టిలో మీ బిడ్డ మేజర్. ఆ బిడ్డ పేరిట ఉన్న డబ్బు మీద గానీ, ఇంటి మీద గానీ తల్లిదండ్రులమన్న హోదాతో మీరు పెట్టే సంతకం ఇక చెల్లదు. ఇందుకోసమే 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. కోర్టు మెట్లెక్కకుండా జిల్లాలోనే స్థానిక స్థాయి కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. ఆ కమిటీలో కలెక్టర్ హోదా అధికారి ఉంటారు, నమోదైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి ఉంటారు, వైకల్యం ఉన్న వ్యక్తి కూడా ఒకరు ఉండి తీరాలి. ఆ మూడో కుర్చీ నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. ఖాళీగా ఉంటే అడగండి, అడిగే హక్కు మనకుంది.

సరే, స్క్రీన్ చూడండి. ఇది నేషనల్ ట్రస్ట్ వెబ్‌సైట్. ఇక్కడ గార్డియన్‌షిప్, ఇదిగో ఫారం-ఎ. డౌన్‌లోడ్. ప్రింట్ తీసుకునేటప్పుడు రెండు కాపీలు తీసుకోండి, ఒకటి చిత్తుకు.

కాగితాలు త్వరగా చెప్పేస్తాను. వైకల్య ధ్రువీకరణ పత్రం లేదా యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు), మీ బిడ్డవి, గార్డియన్ కాబోయేవారివి ఆధార్‌లు, వయసుకు ఆధారం, ఫొటోలు. యూడీఐడీ ఇంకా లేకపోతే ముందు స్వావలంబన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దానికి దరఖాస్తు చేయండి. కార్డు రంగు చూశారా? వైకల్యం 40 శాతం లోపైతే తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. పేరు స్పెల్లింగ్ ఆధార్‌లో ఒకలా, సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి, తర్వాత అదే తలనొప్పి.

ఆటిజం అంచనా గురించి ఒక మాట. మన దేశంలో దీనికి ఐసా అనే కొలమానం వాడతారు. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70కి తగ్గితే ఆటిజం కింద లెక్కకు రాదు. పెద్దవాళ్లయ్యాక చాలామంది కొత్త మనిషి ముందు అరగంట సేపు నెమ్మదిగా కూర్చోగలరు. ఆ అరగంట చూసి అంచనా తక్కువ పడే ప్రమాదం ఉంది. కాబట్టి ఇంట్లో ఏం జరుగుతుందో కాగితం మీద రాసి తీసుకెళ్లండి. మిక్సీ శబ్దానికి చెవులు మూసుకుని గది దాటి వెళ్లిపోవడం, భోజనం వేళ మారితే రోజంతా తల్లడిల్లడం, ఇలాంటివన్నీ.

ఈ కాగితాలను స్కాన్ చేయడానికి ప్రత్యేకంగా యంత్రం అక్కర్లేదు, ఫోన్‌లోని స్కానర్ యాప్ చాలు. నేనైతే ఫైళ్ల పేర్ల ముందు 01, 02 అని అంకెలు పెడతాను, ఫోల్డర్‌లో వరుస చెదరదు. వెబ్‌సైట్‌లో రసీదు ఏది కనబడినా కంట్రోల్ పట్టుకుని పి నొక్కండి, పీడీఎఫ్‌గా దాచుకోండి. ఫొటో తీయడం కంటే ఇదే మేలు, అక్షరాలు స్పష్టంగా ఉంటాయి.

ఇక ఫారం. పేరు, వయసు, చిరునామా, వైకల్యం. ఇవి మీరే నింపేస్తారు, దాటేస్తున్నాను.

దరఖాస్తుదారు. ఇక్కడ ఆగండి. తల్లిదండ్రులిద్దరూ కలిసి దరఖాస్తు చేయాలి. ఒక్కరే చేస్తుంటే కారణం చూపాలి. మరణం, విడాకులు, వదిలి వెళ్లిపోవడం, ఏదైతే అది, ఆధారంతో సహా. తల్లిదండ్రులిద్దరూ లేకపోతే తోబుట్టువులు చేయొచ్చు. వాళ్లలోనూ ఒక్కరే ముందుకొస్తే, మిగతావాళ్లు ఎందుకు కలవలేదో రాయాలి.

ఇప్పుడు అసలైన చోటు. గార్డియన్‌షిప్ ఏ అవసరానికి? మా ఫైలు ఆగింది ఇక్కడే. కౌంటరులో ఉన్నాయన "అన్నింటికీ అని రాసేయండమ్మా, సరిపోతుంది" అన్నారు. నాన్న ఒప్పుకోలేదు, ఆ పూట తిరిగి వచ్చేశాం. నాన్న చేసిందే సరైన పని అని ఇప్పటికీ అంటాను. నేషనల్ ట్రస్ట్ చట్టంలోని 14వ సెక్షన్ చూడండి, స్క్రీన్ మీద పసుపు రంగులో గుర్తు పెట్టాను. కమిటీ మొదట తేల్చాల్సింది, ఈ వ్యక్తికి అసలు గార్డియన్ అవసరమా అని. తర్వాత, ఏయే పనులకు అవసరం అని. ఈ రెండు ప్రశ్నలూ ఇంట్లో మనం ముందే వేసుకోవాలి.

మా తమ్ముడి సంగతే తీసుకోండి. తన బట్టలు తానే ఎంచుకుంటాడు. కిరాణా కొట్టులో చిల్లర లెక్క రూపాయి తేడా రానివ్వడు. కానీ ఎవరైనా కాగితం ముందు పెట్టి సంతకం చేయమంటే చదవకుండా చేసేస్తాడు. పెన్ను అందుకోవడమే తరువాయి. కాబట్టి మేం స్థలం, బ్యాంకు డిపాజిట్ల వ్యవహారం మాత్రమే రాశాం. ఏం తినాలి, ఎవరితో మాట్లాడాలి, ఏ పని నేర్చుకోవాలి, ఇవన్నీ వాడివే. వాడి చేతిలోంచి వాటిని తీసుకునే హక్కు మాకు లేదు.

మీ బిడ్డ కాస్త సాయం చేస్తే నిర్ణయాలు తీసుకోగలిగితే, ఈ ఫారం పక్కన పెట్టి 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చూడండి. అందులో 13వ సెక్షన్ అందరితో సమానంగా ఆస్తి, డబ్బు వ్యవహారాలు చూసుకునే హక్కు ఇస్తుంది. 14వ సెక్షన్‌లో పరిమిత గార్డియన్‌షిప్ ఉంది, అంటే ఇద్దరూ కలిసి మాట్లాడుకుని తీసుకునే నిర్ణయం. 1995 నాటి పాత చట్టంలో ఆటిజం అన్న మాటే లేదు. ఇప్పుడు 21 వైకల్యాల జాబితాలో ఉంది. వచ్చిన హక్కును మన చేతులతో మనమే కుదించుకోవద్దు.

ఫారం అయింది. సంతకాలు, తేదీ, కలెక్టరేట్‌లో ఇవ్వడం. అందినట్టు ముద్ర వేయించుకోకుండా కదలకండి. విచారణకు పిలిచినప్పుడు మీ బిడ్డను వెంట తీసుకెళ్లండి. రద్దీ తక్కువ ఉండే వేళ ఇవ్వమని ముందే అడగండి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకోనివ్వండి, ఎవరైనా తీసేయమంటే కారణం చెప్పండి.

ఉత్తర్వు చేతికొచ్చాక పని ఇంకా ఉంది. ఆరు నెలల లోపు మీ బిడ్డ ఆస్తుల జాబితా కమిటీకి ఇవ్వాలి. ఏటా ఆర్థిక సంవత్సరం ముగిశాక మూడు నెలల్లో, అంటే జూన్ ఆఖరులోపు, జమాఖర్చులు ఇవ్వాలి. ఇది చూడండి, నేను వాడే ఎక్సెల్ పట్టిక. తేదీ, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, దేనికి. చివరి గడి నేను చేర్చుకున్నది: "వాడిని అడిగామా?" అవును లేదా కాదు అని నింపాలి. ఈ పట్టిక లింకు వీడియో కింద పెట్టాను, కాపీ చేసుకుని మీ బిడ్డ పేరుతో దాచుకోండి.