క్లెమాటిస్ ఆశ పడ్డారా? నెల్లూరు ఎండకు శంఖుపుష్పం పెట్టండి

నమస్తే అండి. గోడ నిండా ఊదారంగు పూలు, మధ్యలో ఆకు కూడా కనపడదు, అలాంటి ఫొటో ఒకటి మీ ఫోన్‌లోకి వచ్చే ఉంటుంది. ఆ తీగ పేరు క్లెమాటిస్. "మన నెల్లూరులో వస్తుందా అండీ, ఒంగోలులో పెంచొచ్చా?" అని అడుగుతున్నారు. ఆ పెద్ద పూల హైబ్రిడ్ రకాలైతే వద్దండి, డబ్బులు దండగ.

ఎందుకో చెప్తాను. ఆ రకాలకు చలి కావాలి. చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతాయి, ఆ చలి తగిలాకే గట్టిగా చిగురేస్తాయి. ఊదారంగుకు పేరుపడ్డ జాక్‌మానీ అనే రకం 1862లో ఇంగ్లండ్‌లో, వోకింగ్ అనే ఊరి నర్సరీలో తొలిసారి పూసింది. అక్కడి ఎండాకాలం మన డిసెంబరు కన్నా చల్లన. పైగా తీగ ఎండలో ఉన్నా వేర్లు మాత్రం చల్లగా ఉండాలి దానికి. రోహిణి కార్తెలో మన డాబా మీద కుండీలో వేర్లు చల్లగా ఎక్కడుంటాయి చెప్పండి?

ఇంకోటి. ఏడు రంగుల క్లెమాటిస్ గింజలు అని ఆన్‌లైన్‌లో ప్యాకెట్లు అమ్ముతుంటారు. వాటి జోలికి అసలు పోవద్దు. ఆ గింజ మొలవడానికే నెలలు పడుతుంది, కొన్నిటికి ఏడాది కూడా. హైబ్రిడ్ గింజ మొలిచినా తల్లి చెట్టు పువ్వు రాదు. అందుకే నర్సరీల వాళ్లు కొమ్మ కత్తిరించి నాటి, లేదా అంటు కట్టి పెంచుతారు. బెంగళూరులోనో ఊటీలోనో ఉన్న మీవాళ్లకు కావాలంటే చెప్పండి, వాళ్లు ప్రయత్నించొచ్చు.

మరి మనకు నీలం పూల తీగ లేదా? ఉంది. కంచెల మీద దానంతటదే పాకే శంఖుపుష్పం. దింటెన అనేవాళ్లు పెద్దవాళ్లు. ఊరికే వస్తుంది కాబట్టి మనకు లోకువ, అంతే. నీలంలోనే ఒంటిరెక్క ఉంది, ముద్దపువ్వు ఉంది. పందిరికి ముద్దపువ్వే బాగుంటుందని నా అభిప్రాయం.

గింజ ఎప్పుడు వేయాలి? మనకు అసలు వాన అక్టోబరు, నవంబరులో కదా. లేత మొక్క ఆ ముసురులో పడితే కుళ్లిపోతుంది. అందుకని జూన్ చివర, జులైలో వేసేయండి, వాయుగుండాలు వచ్చేసరికి తీగ గట్టిపడుతుంది. అది దాటిపోతే ఇక జనవరి చివర్లోనే.

ఇదిగో, గింజ దగ్గరగా చూపిస్తున్నాను. పైతోలు చాలా గట్టి. నేరుగా మట్టిలో పెడితే కొన్ని మొలుస్తాయి, కొన్ని అలాగే కూర్చుంటాయి. గరుకు కాగితం మీద ఒక పక్క రెండు మూడుసార్లు రుద్దండి. లోపలి పప్పు దాకా పోవద్దు, పైన నునుపు పోతే చాలు. రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దున ఉబ్బినవి తీసి అర అంగుళం లోతున పెట్టండి. వారం, రెండు వారాల్లో మొలక కనిపిస్తుంది.

మట్టి దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే మన నెల్లూరు, ఒంగోలు వైపు ఊరికో నేల. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి అయితే నీళ్లు నిలుస్తాయి, సగానికి సగం ఇసుక, ఎరువు కలపాల్సిందే. కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇసుక నేల. అక్కడ మాగిన పశువుల ఎరువు ఎక్కువ పోయాలి, లేకపోతే పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోతాయి. కనిగిరి వైపు ఎర్రమట్టికి పెద్ద ఇబ్బంది లేదు. కుండీ అయితే 12 అంగుళాలది, అడుగున కన్నాలు ఉండాలి.

యూరియా మాత్రం వేయొద్దు. ఇది చిక్కుడు జాతి తీగ. వేరు బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి దీనికి ఇస్తుంది. దాని మీద మనం ఇంకా పోస్తే ఆకులే ఆకులు, పువ్వు కనపడదు. నెలకో గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కుండీ మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. ఆ పొర గీకేసి, అడుగు నుంచి కారిపోయేదాకా ఒకసారి మంచి నీళ్లు పోయండి. వాన నీళ్లయితే ఇంకా మంచిది.

ఊతం సంగతి. క్లెమాటిస్ ఆకు కాడతో పట్టుకుంటుంది, దానికి సన్నటి తీగలు కావాలి. శంఖుపుష్పం కాండమే చుట్టుకుంటూ పోతుంది. పురికొస, వెదురు బద్ద, మెష్, బాల్కనీ గ్రిల్, ఏదైనా ఎక్కుతుంది. నున్నటి గోడ మాత్రం ఎక్కదు.

జానెడు ఎదగ్గానే కొస తుంచేయండి. తుంచాలంటే మనసొప్పదు, తెలుసు. కానీ తుంచితేనే పక్కకొమ్మలు వస్తాయి, పూలు ఆ కొమ్మల మీదే. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. సుమారు రెండు నెలలకు పూత మొదలవుతుంది. పువ్వు ఒకటి రెండు రోజులకే వాడిపోతుంది, వాడింది వాడినట్టు తీసేయండి. వదిలేస్తే కాయ కట్టి పూత తగ్గిపోతుంది.

ఎండల్లో ఆకు వెనక సన్నటి గూడు, పైన పసుపు చుక్కలు కనపడితే ఎర్రనల్లి. నీళ్ల పైపుతో ఆకు కింద గట్టిగా కొట్టండి. తగ్గకపోతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి. మధ్యాహ్నం చల్లితే ఆకు మాడుతుంది.

రేపటికి గింజ కావాలంటే సీజన్ చివర్లో నాలుగైదు కాయలు ఉంచి, గోధుమరంగుకు ఎండాక పగలకముందే కోసుకోండి. గింజలు తింటే విరేచనాలవుతాయి, కాబట్టి చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో పేరు రాసిన డబ్బాలో వేసి పైన పెట్టండి.