కుక్కల బడి నడిపే ఇల్లు

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ రోజు మీకు ఒక కుటుంబం గురించి చెప్పాలి. హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్ వైపు, మెయిన్ రోడ్డు వదిలి కాస్త లోపలికి వెళ్తే, అద్దెకు తీసుకున్న చిన్న స్థలంలో కుక్కలకు ట్రైనింగ్ ఇస్తుంటారు. తండ్రి, తల్లి, కొడుకు, కోడలు, ఈ నలుగురే అన్నీ చూసుకుంటారు. వాళ్ల పేర్లు చెప్పడం లేదు, ఉన్న కుక్కలకే వాళ్లకు టైం సరిపోవడం లేదు. మన దేశంలో కుక్కలకు ట్రైనింగ్ ఇవ్వాలంటే ఫలానా పరీక్ష పాసవ్వాలని ఏమీ లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. మరి ఎవరిని నమ్మాలి? ఈ ఇంటివాళ్లను చూశాక నాకు అనిపించింది, ఏ పనికి వాళ్లు ఒప్పుకోరో అడిగితే చాలావరకు తెలిసిపోతుందని.

తండ్రి పోలీసు డాగ్ స్క్వాడ్‌లో హ్యాండ్లర్‌గా చేసి రిటైరయ్యారు. మొయినాబాద్‌లోనే మన పోలీసుల ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీ ఉంది కదా, బాంబుల వాసన పట్టే కుక్కలూ, దొంగల జాడ తీసే కుక్కలూ అక్కడ తయారవుతాయి, వేరే రాష్ట్రాల నుంచి కూడా పంపిస్తారు. అక్కడ కుక్కకు ఒక్కదానికే శిక్షణ ఉండదు. హ్యాండ్లర్, కుక్క ఇద్దరూ కలిసే నెలల తరబడి నేర్చుకుంటారు. దానికి తిండి పెట్టేదీ, స్నానం చేయించేదీ, జబ్బు చేస్తే పక్కన కూర్చునేదీ ఆ హ్యాండ్లరే. ఈయన తన ల్యాబ్రడార్‌తో పెద్ద పెద్ద సభలకు ముందు వేదికలు తనిఖీ చేసిన మనిషి. కుక్క వాసన పట్టలేకపోతే ముందు హ్యాండ్లర్ ఎక్కడ తొందరపెట్టాడో చూడాలని ఆయనకు అక్కడ పైవాళ్లు నేర్పారట. ఇప్పుడు రోజూ కొడుకుకు అదే చెబుతుంటారు.

ఇక వాళ్లు ఒప్పుకోని పనులు. ఫోన్ చేసేవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే, "నెల రోజులు మీ దగ్గరే వదిలేస్తాం, అన్నీ నేర్పించి ఇచ్చేయండి." ఎక్కువ డబ్బు వచ్చేది ఇందులోనే, అయినా ఒప్పుకోరు. కుక్క ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట తనంతట తాను చేయదు. ఆ గ్రౌండులో, ఆ మనిషి చెబితే కూర్చున్న కుక్క, మీ హాల్లో సోఫా పక్కన మీరు చెబితే కూర్చోవాలంటే మీతో, మీ ఇంట్లో మళ్లీ నేర్చుకోవాలి. అందుకని ఇంట్లోవాళ్లు వారానికి రెండు రోజులు రావాల్సిందే. ఒకసారి నేను అక్కడ ఉన్నప్పుడు ఒకాయన తన జర్మన్ షెపర్డ్ మాట వినడం లేదని గట్టిగా వాదిస్తుంటే, ఆ పెద్దాయన నెమ్మదిగా, "కుక్క తప్పేం లేదు సార్. మీ ఇంట్ల నలుగురు నాలుగు తీర్లు చెప్తున్రు, అది ఎవరి మాట ఇనాలె?" అన్నారు. సోఫా ఎక్కితే నాన్న అరుస్తాడు, పాప ముద్దు చేస్తుంది, నానమ్మ బిస్కెట్ పెట్టి దింపుతుంది. సోఫా ఎక్కితే బిస్కెట్ వస్తుందని ఆ కుక్క చక్కగా నేర్చుకుంది కూడా.

రెండోది, మనిషి మీద పడేలా నేర్పమని అడిగేవాళ్లు. శివార్లలో విల్లాలు, ఫామ్‌హౌస్‌లు కట్టుకున్నవాళ్లు రాట్‌వైలర్‌నో, డాబర్‌మ్యాన్‌నో తెచ్చి, "మంచిగా కరిచేటట్టు చేయండి" అంటారు. పోలీసు కుక్క వెనక రోజంతా ఒక శిక్షణ పొందిన మనిషి ఉంటాడు. ఇంట్లో కుక్క వెనక ఎవరుంటారు? పనమ్మాయి వస్తుంది, డెలివరీ కుర్రాడు వస్తాడు, పక్కింటి పిల్లాడు బంతి కోసం గోడ దూకుతాడు. పెద్దాయన ఈ మాట ఒక్కసారే చెబుతారు, ఆ తర్వాత ఎంత ఇస్తామన్నా వినరు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే. ఆ పని చేతనైన మనిషే చేయనంటున్నాడు, అది మామూలు విషయం కాదు.

మూడోది టీకాల పుస్తకం. అది లేకుండా ఏ కుక్కా గేటు దాటి లోపలికి రాదు, ఈ విషయంలో ఆ ఇంటి అమ్మ చాలా కచ్చితం. కుక్కలకు జబ్బు చేసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి చావకుండా ఉంటుంది. జబ్బు కుక్క ఒక్కటి వచ్చి వెళ్లినా ఆ తర్వాత వచ్చే కుక్కపిల్లలకు ప్రాణాపాయం. అందుకే ఆమె తెల్లవారక ముందే లేచి కెన్నెల్ గచ్చు అంతా కడిగి, బ్లీచింగ్ నీళ్లు కొట్టి, ఆరాక మళ్లీ మంచినీళ్లతో కడుగుతుంది. వానాకాలంలో గోమార్లు, అంటే రక్తం పీల్చే పురుగులు, చూడటం కూడా ఆమె పనే. చెవుల లోపల, కాలివేళ్ల మధ్య వేళ్లు పెట్టి వెతుకుతుంది, ఎందుకంటే వాటివల్ల టిక్ ఫీవర్ వస్తే కుక్క రోజుల్లోనే తిండి మానేసి నీరసపడిపోతుంది. ఉప్పు, ఉల్లిపాయ లేకుండా కోడిమాంసం ఉడకబెట్టి వేలి గోరంత ముక్కలు కోసి డబ్బాల్లో పెట్టేదీ ఆమే. ట్రైనింగులో కుక్క సరిగ్గా చేసిన క్షణంలోనే ఆ ముక్క నోట్లో పడాలి, ఆలస్యమైతే ఎందుకు పెట్టారో దానికి అర్థం కాదు. ఆమెను ఎవరూ ట్రైనర్ అనరు. ఆమె ఒక్కరోజు ఊరెళితే మాత్రం ఆ బడి నడవదు.

రేబిస్ మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఇది మీ అందరికీ పనికొచ్చేది. ఏ కుక్క కరిచినా, గోరు గీరుకున్నా, వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టండి. లక్షణాలు కనబడ్డాక ఆ జబ్బుకు మందు లేదు. పసుపు, కారం, సున్నం లాంటివి దయచేసి పెట్టొద్దు. ఆ అమ్మ ఈ మాట ప్రతి కొత్త కుటుంబానికీ చెబుతుంది.

కొడుకుది వేరే రకం పని. కుక్కపిల్లకు మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం దాకా మనసు తెరుచుకుని ఉంటుంది, ఆ రోజుల్లో చూసిన మనుషులకూ విన్న చప్పుళ్లకూ తర్వాత భయపడటం తక్కువ. కానీ టీకాలు పూర్తయ్యేది కూడా ఇంచుమించు పదహారో వారానికి! గ్రౌండుకు రానివ్వలేరు, ఇంట్లో దాచి ఉంచితే పిరికిదవుతుంది. అందుకని కొడుకే బండి మీద ఇళ్లకు వెళ్తాడు. పిల్లను ఎత్తుకుని బాల్కనీలో నిలబెట్టమంటాడు. కూరగాయల బండి అరుపు, కుక్కర్ విజిల్, ఆటో హారన్, మసీదు మైకు, బోనాల డప్పు, అన్నీ చేతుల్లో ఉండగానే వినాలి, వింటూ ఏదైనా తినాలి. వినాయక చవితికి వారం ముందు ఫోన్ చేసి డీజేకి భయపడకుండా చేయమంటే మాత్రం వారంలో అయ్యే పని కాదని మొహం మీదే చెప్పేస్తాడు. రికార్డు చేసిన చప్పుడు చాలా తక్కువ సౌండుతో మొదలుపెట్టి నెలల మీద పెంచాలి. అప్పటికప్పుడైతే లోపలి గదిలో ఉంచి, కిటికీలు మూసి, బాగా వణికిపోయే కుక్కయితే వెటర్నరీ డాక్టరుతో మాట్లాడమంటాడు. వేసవిలో క్లాసులన్నీ పొద్దున ఎనిమిదిలోపే అయిపోతాయి. తారు రోడ్డు మీద మీ అరచేతి వెనక భాగం కాసేపు ఆనించలేకపోతే కుక్క పాదాలూ ఆగలేవు.

ఫోన్లన్నీ కోడలు చూస్తుంది. పెళ్లికి ముందు కస్టమర్ కేర్‌లో పనిచేసిన అమ్మాయి, ఎదుటివాళ్లు ఎంత టెన్షన్‌లో ఉన్నా గొంతు పెంచదు. కుక్క కొనకముందే సలహా అడిగేవాళ్లంటే ఆమెకు ఇష్టం. మంచు దేశపు హస్కీని తెచ్చి హైదరాబాద్ మే నెలలో అపార్ట్‌మెంట్‌లో పెట్టొద్దని చెబుతుంది, జీహెచ్‌ఎంసీ లైసెన్సు తీసుకోమని గుర్తుచేస్తుంది, వీధిలో పుట్టిన ఇండీ, అంటే మన నాటు కుక్కపిల్లను పెంచుకుంటామంటే ఫీజు తగ్గిస్తుంది. అత్తమామలను అడక్కుండానే తగ్గించేస్తుంది, వాళ్లూ ఏమీ అనరు.

ఇన్ని కాదనుకుంటే సంసారం ఎలా నడుస్తుందని మీకు అనిపించవచ్చు. ఇరుకుగానే నడుస్తోంది. పెన్షన్ ఉంది కాబట్టి నెట్టుకొస్తున్నారు. చుట్టూ వెంచర్లు వచ్చాయి, ఎకరం ధర ఎక్కడికో పోయింది, స్థలం యజమాని లీజు పొడిగించనన్నాడు. కొత్తగా ఇళ్లు కట్టుకున్నవాళ్లు మొరుగుళ్లకు నిద్ర పట్టడం లేదంటున్నారు, అందులో అబద్ధమూ లేదు. ఇప్పుడు చేవెళ్ల దాటి స్థలం చూస్తున్నారు. బోరులో నీళ్లుండాలి, నీడకు నాలుగు వేపచెట్లుండాలి, దగ్గరలో ఇళ్లుండకూడదు. అంత దూరమైతే వారానికి రెండుసార్లు ఎవరు వస్తారని కొడుకు దిగులు. కోడలు మాత్రం ఆదివారాలు నగరంలోనే ఏదైనా స్కూలు గ్రౌండు దొరుకుతుందేమోనని అడుగుతోంది. మీలో ఎవరికైనా అలాంటి గ్రౌండు తెలిస్తే మా కేంద్రానికి ఒక కార్డు రాయండి, వాళ్లకు అందజేస్తాను.

సెలవు.