బ్రాడ్‌బాల్క్ చేను: గోధుమ మీద గోధుమ వేస్తే ఏమవుతుంది?

[తెరపై: కోతకొచ్చిన గోధుమ చేను. పొడవాటి పట్టీలు. ఒకటి ఒత్తుగా, పక్కది పలచగా]

లండన్‌కు ఉత్తరాన హార్పెండెన్‌లో ఉంది ఈ చేను. పేరు బ్రాడ్‌బాల్క్. 1843లో భూస్వామి జాన్ లాస్, రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ గిల్బర్ట్ ఇక్కడ గోధుమ మీద గోధుమ వేయించడం మొదలుపెట్టారు. ఆ ప్రయోగం ఇప్పటికీ నడుస్తోంది. ఒక పట్టీకి ఏ ఎరువూ లేదు. ఒకదానికి ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు. మిగతావాటికి నత్రజని, భాస్వరం, పొటాష్ రకరకాల మోతాదుల్లో.

ఏమీ వెయ్యని పట్టీ ఎప్పుడో బీడైపోయి ఉంటుందనుకున్నాను. కాలేదు! ఇప్పటికీ హెక్టారుకు సుమారు టన్ను పండుతోంది. పశువుల ఎరువు పడ్డ నేలలో సేంద్రియ కర్బనం రెట్టింపు దాటింది. అయితే రసాయన ఎరువులు సమపాళ్లలో అందిన పట్టీలు కూడా దిగుబడిలో దానికి దీటుగానే నిలిచాయి. రసాయన ఎరువు పడితే నేల చచ్చిపోతుందని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లకు ఈ చేను చూపించాలనిపిస్తుంది.

[తెరపై: నల్లబడిన గోధుమ వేరు, దగ్గరగా]

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది 1968 మార్పు. ఆ ఏడాది చేనును అడ్డంగా విడగొట్టి, కొన్ని భాగాల్లో బంగాళాదుంప, బీన్స్‌తో పంట మార్పిడి పెట్టారు. అదే విత్తనం, అదే ఎరువు. అయినా రెండేళ్లు వేరే పంట వేశాక వచ్చిన గోధుమ, గోధుమ మీద వేసిన గోధుమను దాటేసింది. ఎరువు దండిగా పడ్డచోట కూడా అంతే.

ఎందుకంటే, టేక్-ఆల్ అనే వేరుకుళ్లు తెగులు. దాని శిలీంధ్రం కోసిన గోధుమ వేళ్లలో బతికి, తర్వాతి పంట వేళ్లకు పాకుతుంది. వేరు కుళ్లాక నీళ్లూ ఎక్కవు, ఎరువూ ఎక్కదు. మిగిలిన నత్రజని వాననీటితో కిందికి దిగిపోతుంది. మధ్యలో బీన్స్ ఉంటే ఆ శిలీంధ్రానికి తిండి దొరకదు.

[తెరపై: కృష్ణా డెల్టా. కోతకు సిద్ధంగా ఉన్న వరిలో మినుములు చల్లుతున్న రైతు]

నీళ్లు నిలిచే మన వరి మడికి ఈ తెగులు లెక్క సరిపోదు. కానీ వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము చల్లడం కూడా పంట మార్పిడే. మినుము వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. ఆ తర్వాతి వరికి ఒక్క మడిలో మాత్రం యూరియా కాస్త తగ్గించి చూడండి. పక్క మడి దిగుబడితో పోల్చి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒక్క పంటకే తేల్చెయ్యకండి, మూడు నాలుగేళ్లు రాయండి.