పిట్ట ఫోటో పెట్టండి, దాని అడ్రస్ కాదు

హలో, నమస్తే అందరికీ. వాయిస్ వస్తోంది కదా? వెనకాల ఆ హారన్లు మామూలే. మనది మారతహళ్ళి, ఏం చేయలేం.

ఇవాళ ఒకే ఒక్క ఫోటో తీసుకుని, మొదటి నుంచి మన వాట్సాప్ గ్రూపులో పెట్టేదాకా చేసి చూపిస్తా. ఇదిగో, స్క్రీన్ మీద ఉంది చూడండి. స్పాటెడ్ ఔలెట్. మన చిన్న గుడ్లగూబ, జానెడు ఉంటుంది, అంతే. బెంగళూరుకి తూర్పు వైపు ఒక చెరువు దగ్గర తీశా. ఏ చెరువో అడగొద్దు. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

సెట్టింగులు గబగబా చెప్పేస్తా. షట్టర్ 1/500, ఐఎస్ఓ ఆటో, సైలెంట్ షట్టర్ ఆన్, ఫ్లాష్ ఆఫ్. బట్టలు మట్టి రంగువి. ఇవన్నీ మీకు తెలిసినవే. ఫోకస్ మాత్రం వెనక బటన్‌కి మార్చుకోండి, అలవాటైతే ఇక వదలరు. అది వేరే వీడియోలో చెప్తా.

ఆ, ట్రైపాడ్. నేను తీసుకెళ్ళను. నాది ఇదిగో, ఈ సంచి. పాత జీన్స్ కాలు కత్తిరించి మా అమ్మ కుట్టిచ్చింది. లోపల రెండు కిలోల బొబ్బర్లు. గోడ మీదో, రాయి మీదో పెట్టి లెన్స్ దానికి ఆనిస్తే కదలదు. మొన్న వానాకాలం పురుగు పట్టింది, బ్యాగులోంచి లెన్స్‌తో పాటు పురుగులూ వచ్చాయి. అప్పటినుంచి నెలకోసారి ఎండబెడుతున్నా.

సరే, పిట్ట దగ్గరికి వెళ్దాం. ఈ క్లిప్ చూడండి. తొర్ర ముందు కూర్చుంది, కళ్ళు సగం మూసుకుని ఉంది. నేను రెండడుగులు వేశా... ఇక్కడ. పాజ్ చేస్తా. కళ్ళు పెద్దవి చేసింది. తల పైకీ కిందికీ ఆడిస్తోంది, చూశారా? దీన్నే డాన్స్ అని రీల్స్ పెడతారు. డాన్స్ కాదండీ, వీడెవడు, ఎంత దూరంలో ఉన్నాడు అని నన్ను కొలుస్తోంది. అంటే నేను ఎక్కువ దగ్గరికి వచ్చేశానని. అందుకే వెనక్కి వచ్చా, కూర్చున్నా. ఇప్పుడు చూడండి... కాస్త ముందుకి జరుపుతా... ఇదిగో, ఈకలు సవరించుకుంటోంది. నన్ను వదిలేసింది. ఇప్పుడు తీసుకోవచ్చు. ఈ ఫోటో అప్పుడు తీసిందే. కొంగలైతే మేత ఆపి మెడ నిటారుగా సాచుతాయి, అక్కడే ఆగిపోవాలి. చాలాసార్లు ఎగిరే ముందు రెట్ట కూడా వేస్తాయి, కానీ అది కనిపించేసరికి మీరు లేటు.

కూత గురించి ఒక్క మాట. మెర్లిన్ యాప్ నేనూ వాడతా, ఏ పిట్ట కూస్తోందో గుర్తుపట్టడానికి. స్పీకర్‌లో కూత పెట్టి పిట్టని పిలవడం మాత్రం వద్దు. తన జాగాలోకి ఇంకోటి వచ్చిందనుకుని మేత, గూడు అన్నీ వదిలేసి పోట్లాటకి వస్తుంది పాపం. ఓకే, ల్యాప్‌టాప్ తెరుద్దాం.

ఇక్కడ మాత్రం నిదానంగా. నేను దెబ్బతిన్నది ఇక్కడే.

నా కెమెరాలో జీపీఎస్ లేదు. కాబట్టి ఫోటోలో లొకేషన్ ఉండదు అనుకున్నా. చాలా ధీమాగా ఉన్నా. కానీ ఫోటోలు ఫోన్‌లోకి రావడానికి కెమెరా యాప్ పెట్టుకున్నా కదా, దాంట్లో లొకేషన్ సింక్ అని ఒకటి ఉంటుంది. మొదటి రోజు అన్నిటికీ ఓకే, ఓకే కొట్టేశా. అంటే ఫోన్ తన లొకేషన్ కెమెరాకి ఇస్తోంది, కెమెరా దాన్ని ప్రతి ఫోటోలో రాస్తోంది. నాకు తెలీదు.

అయినా వాట్సాప్‌లో మామూలుగా ఫోటోలా పంపి ఉంటే ఆ వివరాలు పోయేవి. అప్పట్లో గుడ్లగూబ ఫోటో ఒకటి గ్రూపులో పెడుతూ, క్వాలిటీ తగ్గుతుందని నేను డాక్యుమెంట్‌లా పంపా. డాక్యుమెంట్‌లా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది, లోపలున్న లొకేషన్‌తో సహా. కింద క్యాప్షన్ ఏం రాశానో తెలుసా? ‘లొకేషన్ చెప్పబడదు’ అని!

ఆ తర్వాతి ఆదివారం వెళ్తే ఆ చెట్టు కింద తొమ్మిది మంది. ఒకాయన తొర్రలోకి టార్చ్ వేస్తున్నాడు. చెరువు వాచ్‌మన్ మన తెలుగాయనే, నన్ను చూసి "ఏం సార్, వీళ్ళంతా మీ వాళ్ళేనా?" అన్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. పిట్ట ఆ రోజు కనిపించలేదు. నెలదాకా కనిపించలేదు. మనవాళ్ళు ఫోటోల కోసం వస్తే అదొక రకం. దీపావళి ముందు క్షుద్రపూజలకని గుడ్లగూబల్ని పట్టి అమ్మేవాళ్ళున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరమే, అయినా జరుగుతోంది. వాళ్ళ చేతికి ఆ ఫైలు చిక్కితే?

కాబట్టి చూడండి. విండోస్‌లో ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్. కిందికి... ఇంకా కిందికి... ఇదిగో జీపీఎస్. అంకెలు బ్లర్ చేశా, మీరు జూమ్ చేసినా లాభం లేదు. దశాంశం తర్వాత ఐదో అంకె దాకా ఉంటే మీటరు తేడాలో చెట్టు చెప్పేసినట్టే. ఇక్కడ అడుగున ‘రిమూవ్ ప్రాపర్టీస్’ అని ఉంది, నొక్కండి. కాపీ తయారవుతుంది. ఫోటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్ వాడేవాళ్ళు ఎక్స్‌పోర్ట్‌లో మెటాడేటా దగ్గర ‘రిమూవ్ లొకేషన్ ఇన్ఫో’ టిక్ పెట్టండి. నేను అదే వాడతా, ఒకసారి ప్రీసెట్‌లో పెడితే మళ్ళీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. యాప్‌లో సింక్ కూడా ఆపేయండి, ఇదిగో, ఇక్కడ.

చూసిన పిట్టలూ మొక్కలూ నమోదు చేసే ఐనాచురలిస్ట్ సైటులో పెట్టేవాళ్ళకి జియోప్రైవసీ అని ఉంటుంది. ‘అబ్‌స్క్యూర్డ్’ ఎంచుకోండి. అసలు చోటు చూపించదు, అటూ ఇటూ 20 కిలోమీటర్లకి పైనే ఉండే ఒక గడిలో ఎక్కడో చుక్క పెడుతుంది. రికార్డు ఉంటుంది, చెట్టు దొరకదు.

ఇప్పుడు కాపీ తెరుస్తున్నా. డీటెయిల్స్... కిందికి... జీపీఎస్ లేదు. బావుంది. క్యాప్షన్‌లో బెంగళూరు అని రాస్తా, అంతే. పంపేస్తున్నా... ఆగండి. కుడివైపు మూల చూడండి, కొమ్మ వెనకాల. గుడి గోపురం. అయ్యో. క్రాప్ చేస్తా ఒక్క నిమిషం. తోక దగ్గర కాస్త ఇరుకైంది, పర్లేదు. ఆ, ఇప్పుడు సెండ్.