కొంగాసనమూ, నా ముక్కూ

శ్రోతలకు నమస్కారం.

మా కోనసీమ ఉక్కపోత గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్న ఆరు కాకముందే చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. అలాంటి ఒక ఆదివారం అమలాపురంలో ఒక మేడ మీద హాల్లో గొంతుక్కూర్చుని, రెండు అరచేతులూ నేలకానించి, మోకాళ్ళు తెచ్చి జబ్బల మీద పెట్టి, "ఇప్పుడు పాదాలు లేపండి" అనే మాట కోసం వణుకుతూ ఎదురుచూస్తున్నాను.

అసలు అక్కడికెందుకు వెళ్ళానంటే, చప్పట్ల వల్ల. రెండేళ్ళుగా కాలవగట్టు పక్క పార్కులో రోజూ యోగా చేస్తున్నాను. వజ్రాసనం, భుజంగాసనం, పన్నెండు సూర్యనమస్కారాలు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి మోకాలు వంచకుండా కాలి బొటనవేళ్ళు పట్టుకుంటే పార్కులో నలుగురు చప్పట్లు కొడతారు కదా. అవే నా కొంప ముంచాయి. బాగా వచ్చినవాళ్ళకు పైస్థాయి క్లాసు పెడుతున్నారని వాట్సాప్‌లో చూసి, ఇంట్లో కూడా చెప్పకుండా పేరిచ్చేశాను.

పది నిమిషాల్లో గర్వం దిగిపోయింది. ఇక్కడ ఒక ఆసనం అయ్యాక కూర్చుని చెమట తుడుచుకోవడాలుండవు. గాలి పీలుస్తూ లేవాలి, వదులుతూ వంగాలి, ఆ ఊపిరి తాళంలోనే తర్వాతి ఆసనంలోకి వెళ్ళిపోవాలి. 1930లలో మైసూరు రాజుల అండతో నడిచిన యోగశాలలో కృష్ణమాచార్య పాఠాలు చెప్పేవారు. ఆయన శిష్యుడు పట్టాభి జోయిస్ చేతుల మీదుగా దేశదేశాలకు పాకిన పద్ధతి ఇది. మధ్యమధ్యలో చతురంగ దండాసనం వస్తుంది. అరచేతులూ కాలివేళ్ళూ తప్ప ఇంకేదీ నేలకు తగలకుండా ఒళ్ళంతా కర్రలా నిలవాలి. ఒకసారైతే సరదాగానే ఉంది. పదిహేనోసారికి నేను కర్రలా లేను, తడిసిన గోనెసంచిలా ఉన్నాను.

నేర్పే అమ్మాయికి మా పెద్దమ్మాయి వయసుంటుంది. దగ్గరికొచ్చి, "బాబాయ్ గారూ, ఊపిరి బిగబట్టేస్తున్నారండి. ముందు అది వదలండి" అంది. నిజమే, పళ్ళు కూడా బిగించేశాను. స్థిరసుఖమాసనం అన్నాడు పతంజలి. ఆ క్షణాన నాకు స్థిరమూ లేదు, సుఖమూ లేదు.

ఇక బకాసనం. బకమంటే కొంగ. చేలో నీళ్ళు పెట్టిన రోజు చూడండి, ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడుతుందో. కొంగజపం అని దాన్ని వెక్కిరిస్తాం గానీ, ఆ నిలకడ విలువ నాకు ఆ రోజే తెలిసింది. ఇందులో పాదాలను బలంగా పైకి లాగకూడదట. తలా ఛాతీ మెల్లిగా ముందుకు వాల్చాలి. ముందు బరువు వెనకున్న నడుముకూ కాళ్ళకూ సరిపోయిందంటే, త్రాసు పళ్ళెంలా పాదాలు వాటంతటవే లేస్తాయి. చూపు మాత్రం వేళ్ళకు జానెడు ముందు ఉండాలి. కిందికి చూస్తే తల వాలిపోతుంది, తల వెంట మనమూ వెళ్తాం.

ఎడమ పాదం లేచింది. కుడిది కూడా లేచిందా లేదా అని కిందికి చూశాను. అంతే, ముక్కు నేలకు కొట్టుకుంది. పక్కనున్న రిటైరైన టీచరమ్మ కొంగలా గాల్లో ఉండే, "అయ్యో, దెబ్బ తగిలిందా అండీ?" అని అడిగింది. తగిలింది ముక్కుకు కాదు.

ఒక్క సంగతి మాత్రం నవ్వకుండా చెప్పాలి. శీర్షాసనానికి ముందు ఆ అమ్మాయి ఒక్కొక్కరినీ అడిగింది, బీపీ ఉందా, కంట్లో ఒత్తిడి పెరిగే గ్లకోమా ఉందా, మెడనొప్పి ఉందా అని. నేను బీపీ మాత్ర వేసుకుంటాను. దాచేద్దామనే అనిపించింది, పరువు కదా. చెప్పేశాను. మీరు తలకిందులు కావద్దండి అంటూ నన్ను గోడవారగా కూర్చోబెట్టింది. ఇవేవీ అడగకుండా తలకిందులు చేయించే చోటైతే, చాప చుట్టుకుని ఇంటికొచ్చేయడమే మంచిది. పొట్ట నిండా పెసరట్టు ఉప్మా తిని వెళ్ళడం కూడా అంతే, నడుం మెలితిప్పినప్పుడు తెలుస్తుంది.

ఇంటికొచ్చాక మణికట్లు లాగేసి కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవలసి వచ్చింది. మా ఆవిడ ముక్కు చూసి అంతా రాబట్టేసింది. ఆ రోజే పెరట్లో కొబ్బరి దింపు. చెట్టు దిగిన అతన్ని అడిగాను, ఎక్కేటప్పుడు ఎటు చూస్తావని.

"చూపుదేముందండీ, ఊపిరి అందినంతే ఎక్కాలి. తొందరపడితే కాళ్ళు వణుకుతాయండి" అన్నాడు. తర్వాత నా ముక్కు వంక చూసి, "తవరెక్కారా ఏంటండీ?" అన్నాడు.

మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఇంట్లోంచి బూరుగుదూది దిండొకటి పట్టుకెళ్ళి, ముఖం పడేచోట పెట్టుకున్నాను. రెండు పాదాలూ లేచాయి. ఒకటి, రెండు లెక్కపెట్టేదాకా గాల్లోనే ఉన్నాను. మూడు అనేసరికి దిండు మీదున్నాను.