సైకిలు సీటు, మగవారి సంతాన ఆరోగ్యం – విజయవాడ ప్రసంగ పాఠం

సభకు నమస్కారం.

తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం మీదుగా ఉండవల్లి వైపు కరకట్ట వెంట సాగే సైకిళ్ళ వరుసను నేను కొన్నేళ్ళుగా చూస్తున్నాను. మూత్రకోశ, పురుష సంతాన సమస్యల వైద్యుణ్ణి కాబట్టి ఆ వరుసలోని వారు అప్పుడప్పుడు నా గదిలోనూ కనిపిస్తారు. మోకాళ్ళ గురించి, రక్తపోటు గురించి మాట్లాడి, లేచి తలుపు దాకా వెళ్ళి, అక్కడ ఆగి, “సైకిలు తొక్కితే పిల్లలు పుట్టరంటారు, నిజమేనా అండీ?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకు తలుపు దగ్గర కాకుండా ఇలా సభలోనే సమాధానం చెప్పాలని వచ్చాను.

ప్రశ్న కొత్తది కాదు. సుమారు 2,400 ఏళ్ళ క్రితమే గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్, ఎప్పుడూ గుర్రాల మీదే తిరిగే సిథియన్లు అనే సంచార జాతివారిలో లైంగిక శక్తి తగ్గడానికి ఆ స్వారీ ఒక కారణమని రాశాడు. స్వారీలోనైనా, సైకిలు మీదనైనా చూడవలసింది కూర్చునే చోటునే. వృషణ సంచికీ మలద్వారానికీ నడుమ ఉన్న భాగం, యోగాభ్యాసకులు మూలాధారం అని చెప్పే చోటు, ఈ రోజు మన విషయానికంతటికీ కేంద్రం. అంగానికి స్పర్శ జ్ఞానాన్నిచ్చే ప్యుడెండల్ నాడి శాఖలు, రక్తాన్ని తీసుకుపోయే ధమనులు ఆ మార్గంలోనే వెళతాయి. మనం కుర్చీలో కూర్చున్నప్పుడు బరువు పిరుదుల అడుగున ఉన్న రెండు ఎముకల మీద పడుతుంది, ఆ బరువు మోయడానికే ఆ ఎముకలు ఉన్నాయి. సన్నని సీటు మీద ముందుకు వంగి కూర్చున్నప్పుడు బరువు ఎముకల నుంచి జరిగి నడిమి భాగం మీదికి, అంటే నాడి మీదికీ ధమని మీదికీ వస్తుంది. అరగంట తొక్కాక అంగం తిమ్మిరెక్కడం అందువల్లనే.

మన తాతలు, తండ్రులు వాడిన సైకిలును గుర్తు చేసుకోండి. వెడల్పాటి తోలు సీటు, దాని కింద స్ప్రింగులు, సీటుకన్నా ఎత్తుగా ఉండే హ్యాండిల్. దాని మీద మనిషి నిటారుగా కూర్చునేవాడు. పాల క్యాన్లు కట్టుకుని పల్లె నుంచి గుంటూరుకూ, బెజవాడకూ రోజూ మైళ్ళ కొద్దీ తొక్కిన వారి బరువు ఎముకల మీదే ఉండేది. నేటి గేరు సైకిలులో సీటు సన్నబడింది, హ్యాండిల్ కిందికి దిగింది, నడుము వంగింది. అందుచేత “మా నాన్నకు ఏమీ కాలేదు” అనే వాదన నేటి సైకిలుకు పూర్తిగా వర్తించదు. ఇది నా పరిశీలన మాత్రమే, రుజువు కోసం పరిశోధనలనే చూడాలి.

అమెరికాలో సైకిళ్ళ మీద గస్తీ తిరిగే పోలీసుల్లో 90 మందికి ముందుకు పొడుచుకొచ్చే ముక్కు లేని సీట్లు ఇచ్చి ఆరు నెలలు గమనించారు. 2008లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం నడిమి భాగం మీద ఒత్తిడి 66 శాతం తగ్గింది. గడచిన ఆరు నెలల్లో తొక్కేటప్పుడు అంగం తిమ్మిరెక్కలేదని చెప్పినవారు మొదట 27 శాతం ఉండగా, చివరికి 82 శాతం అయ్యారు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అధ్యయనం ఇదే, ఎందుకంటే ఆ పోలీసులు తొక్కడం మానలేదు, మారింది సీటు ఒక్కటే. 2018లో వెలువడిన మరో పెద్ద అధ్యయనం 2,774 మంది సైకిలిస్టులను ఈతగాళ్ళతోనూ, పరుగెత్తేవారితోనూ పోల్చి చూసి, లైంగిక ఆరోగ్యంలో సైకిలిస్టులు వారికన్నా వెనుకబడి లేరని తేల్చింది. మూత్రనాళం ఇరుకుకావడం మాత్రం సైకిలిస్టుల్లో ఎక్కువగా కనిపించింది. తొక్కే సమయంలో 20 శాతానికి మించి సీటు మీద నుంచి లేచి తొక్కేవారిలోనూ, హ్యాండిల్ సీటుతో సమానంగానో అంతకన్నా ఎత్తుగానో పెట్టుకున్నవారిలోనూ తిమ్మిరి తక్కువగా ఉంది.

ఇక సంతానం సంగతి. బ్రిటన్‌లో 5,282 మంది మగ సైకిలిస్టులను ప్రశ్నించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఎంతసేపు తొక్కుతారన్న దానికీ సంతానలేమికీ, అంగస్తంభన సమస్యకూ సంబంధం కనిపించలేదు. దీనికి ఎదురుగా, బోస్టన్ పరిశోధకులు సంతాన చికిత్సకు వచ్చిన 2,261 మంది మగవారి వివరాలు పరిశీలించి, వ్యాయామం మొత్తం మీద వీర్యానికి చేటు చేయకపోయినా, వారానికి ఐదు గంటలు, అంతకు మించి సైకిలు తొక్కేవారిలో వీర్యకణాల సంఖ్య, చలనం తక్కువగా ఉన్నాయని 2011లో రాశారు. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. బోస్టన్ లెక్కలోని వారు అప్పటికే సంతానం కోసం చికిత్సకు వెళ్ళినవారు. వీర్యం బాగా ఉన్నవాడికి పెద్ద తేడా రాకపోవచ్చు, అంచున ఉన్నవాడికి ఆ కాస్త తగ్గుదలే లెక్కకు రావచ్చు అని నేను అర్థం చేసుకుంటున్నాను.

వేడి గురించి మన ఊళ్ళో ప్రత్యేకంగా చెప్పాలి. వీర్యకణాలు సరిగా తయారుకావాలంటే వృషణాలు శరీరంకన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాలి, అవి శరీరం బయట సంచిలో ఉండటం అందుకే. బెజవాడ మే నెల ఎండ, బిగుతైన దుస్తులు, చెమట, గంటల తరబడి సీటు, ఇవన్నీ కలిసినప్పుడు ఆ చల్లదనం నిలవడం కష్టం. సంతానం కోసం ప్రయత్నిస్తున్నవారు వేసవిలో ఎండెక్కకముందే ఇంటికి చేరాలని, దూర ప్రయాణాలు కొన్నాళ్ళు తగ్గించుకోవాలని చెబుతాను. వీర్యకణం తయారుకావడానికి సుమారు 74 రోజులు పడుతుంది కాబట్టి, ఈ రోజు చేసిన మార్పు ఫలితం మూడు నెలల తరువాతి పరీక్షలో గాని తెలియదు. వారం రోజులు మానేసి పరీక్ష చేయించుకుని నిరాశపడినవారిని నేను చూశాను.

ఒక దంపతుల విషయం, వారెవరో తెలియకుండా చెబుతాను. పెళ్ళయి నాలుగేళ్ళు. ఆ అమ్మాయి రక్త పరీక్షలు, స్కానింగులు, గర్భనాళాల ఎక్స్‌రే అన్నీ చేయించుకుంది, ఊళ్ళో మాటలన్నీ పడింది. అబ్బాయికి మాత్రం పెద్దలు చెప్పిన వైద్యం ఒక్కటే, సైకిలు మానెయ్యమని. మానేశాడు. రెండేళ్ళు ఎదురుచూశాడు. ఆ రెండేళ్ళలో ఒక్కసారి కూడా వీర్య పరీక్ష జరగలేదు. చివరికి నా దగ్గరికి వచ్చినప్పుడు చేత్తో పరీక్షిస్తేనే తెలిసింది, ఎడమ వృషణం పైన సిరలు ఉబ్బి ఉన్నాయి. దాన్ని వేరికోసీల్ అంటాం, సంతానలేమి ఉన్న మగవారిలో చాలా తరచుగా కనిపించే, ఆపరేషన్‌తో సరిచేయగలిగే కారణం. సైకిలుకు దానితో పనిలేదు. ఆ అమ్మాయి పడిన నాలుగేళ్ళు తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

కనుక సైకిలును అనుమానించడం పరీక్షకు బదులు కాకూడదు. ఏడాది ప్రయత్నించినా, భార్య వయసు 35 దాటితే ఆరు నెలలు ప్రయత్నించినా గర్భం రాకపోతే, భర్తకు కూడా మొదటి రోజే పరీక్ష జరగాలి. రెండు నుంచి ఏడు రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండి నమూనా ఇవ్వాలి, తేడా వస్తే మళ్ళీ ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస కొలత మిల్లీలీటరుకు కోటీ 60 లక్షల కణాలు. అది పరీక్షల్లో ఉత్తీర్ణత మార్కు లాంటిది కాదు, అంతకు తక్కువ ఉన్నవారూ తండ్రులవుతున్నారు.

సైకిలు మానేస్తే పోయేది కూడా ఉంది. అంగానికి వెళ్ళే ధమనులు గుండె ధమనులకన్నా సన్ననివి, అందువల్ల మధుమేహం, రక్తపోటు, పొగాకు చేసే చెరుపు తరచుగా ముందు అక్కడ బయటపడుతుంది. ఆ మూడింటిలో మొదటి రెంటినీ అదుపులో ఉంచే వ్యాయామాల్లో సైకిలు ఒకటి. అమెరికాలో జరిగిన మరో అధ్యయనంలో అంగస్తంభన సమస్య వారానికి మూడు గంటలకు మించి తొక్కేవారిలో కొంత ఎక్కువగానూ, అంతకన్నా తక్కువ తొక్కేవారిలో తక్కువగానూ కనిపించింది.

సీటు విషయానికి వస్తే, దాని వెడల్పు మీ కూర్చునే ఎముకల మధ్య దూరానికి తగినట్టు ఉండాలి. ముక్కు పైకి లేచి ఉండకూడదు, సమంగానో, వెంట్రుకవాసి కిందికో ఉండాలి. మెత్తటి జెల్ సీటు హాయిగా అనిపిస్తుంది గాని, ఎముకలు అందులో దిగబడి నడిమి భాగం మీదే ఒత్తిడి పెరుగుతుంది, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. పది నిమిషాలకొకసారి పెడల్స్ మీద లేచి నిలబడండి. తిమ్మిరి వస్తే ఆగి దిగండి. అది మరునాటికీ పోకపోయినా, మూత్రంలో రక్తం కనిపించినా, సీటు ముందున్న అడ్డ కడ్డీ మీద పడ్డాక మూత్రధార సన్నబడినా వైద్యుడికి చూపించండి. వృషణంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే మాత్రం ఆరు గంటలు దాటనివ్వకుండా అత్యవసర విభాగానికి వెళ్ళాలి.

ఇప్పుడు మీ ప్రశ్నలు. నలుగురిలో లేచి అడగడం కష్టమని నాకు తెలుసు, అందుకే వరుస చివర చీటీలు పెట్టించాను. పేరు రాయవద్దు. ఆడవారు కూడా రాయవచ్చు. సైకిళ్ళతో వచ్చినవారు సభ అయ్యాక గేటు దగ్గర ఆగితే, ఒక్కొక్క సీటూ చూసి సరిచేసి పంపుతాను.